సీఏ ఇంటర్ చదువుకి ట్యాబ్‌లో ఏ నోట్స్ యాప్ పెట్టుకోవాలి?

బ్రాడీపేట_లెడ్జర్
సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ కలిపి రాద్దామని చదువుతున్నాను. మా అన్నయ్య తను వాడని గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ నాకిచ్చేశాడు, పెన్ను కూడా ఉంది. ఇక నోట్స్ మొత్తం దాంట్లోనే రాయాలని ఉంది. ఏ యాప్ అన్నదే తేలట్లేదు. కోచింగ్‌లో ఒకళ్ళు గుడ్‌నోట్స్ అంటారు, ఇంకొకళ్ళు వన్‌నోట్ అంటారు, యూట్యూబ్ తెరిస్తే వీడియోకో పేరు. నాలుగైదు దింపుకుని చూశాను. అన్నిట్లోనూ గీత పడుతోంది, రంగులు మారుతున్నాయి, దేన్ని బట్టి ఎంచుకోవాలో అర్థం కావట్లేదు.

సీఏ కోర్సు నడిపే ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ స్టడీ మెటీరియల్ పీడీఎఫ్ మీద రాసుకోవాలి. సవరణలు వచ్చినప్పుడు మధ్యలో పేజీ పెట్టుకోవాలి. పరీక్ష ముందు వెతికితే దొరకాలి. నెలనెలా డబ్బు కట్టలేను. ఇంకోటి, థియరీ నేను తెలుగు, ఇంగ్లీషు కలిపి రాస్తాను. తెలుగులో రాసుకుంటేనే నాకు బుర్రకెక్కుతుంది.

బెంజిసర్కిల్_బాబు
శాంసంగ్ ట్యాబ్ అంటున్నారు కాబట్టి శాంసంగ్ నోట్స్. అందులోనే ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఇంకేం వెతుకుతారు?

మంగళగిరి_కోడర్
ఒక్క మాట. ఈ ట్యాబ్ పోయి రేపు వేరే కంపెనీది కొంటే ఆ నోట్స్ ఏమవుతాయి? శాంసంగ్ నోట్స్ దాచేది తన సొంత ఫైలు రకంలో. యాప్ ఎంచుకునే ముందు "ఇందులోంచి నా రాత బయటికి ఎలా తీసుకోవాలి" అని అడగాలి. పెన్ను రంగులు ఆ తర్వాత సంగతి.

నేనైతే అబ్సిడియన్ వాడతాను. ఒక్కో నోటూ ఒక్కో మామూలు టెక్స్ట్ ఫైలు. యాప్ మూతపడినా ఫైలు ఎక్కడైనా తెరుచుకుంటుంది. తెలుగులో టైపు చేసింది తెలుగులోనే వెతికితే దొరుకుతుంది.

బెంజిసర్కిల్_బాబు
@మంగళగిరి_కోడర్ ఆ అమ్మాయి పెన్నుతో రాస్తానంటుంటే మీరు టైపు చేయమంటున్నారు.

సిద్ధార్థ_థర్డియర్
మెడికల్ స్టూడెంట్‌ని. మా బ్యాచ్‌లో ఎక్కువమంది ఐప్యాడే. నేను నోటబిలిటీ వాడతాను. క్లాసు రికార్డు పెట్టి రాసుకుంటే, తర్వాత ఆ గీత మీద నొక్కగానే అది రాసినప్పుడు మేడం ఏం చెప్తున్నారో అక్కణ్నుంచి వినిపిస్తుంది. అనాటమీ బొమ్మలు గబగబా గీసుకునేటప్పుడు మాట మిస్సయితే ఇది ప్రాణం నిలబెడుతుంది. కానీ నోటబిలిటీ ఆపిల్ వాటికే కాబట్టి మీకు కుదరదు. శాంసంగ్ నోట్స్‌లో కూడా రికార్డింగు పెట్టుకుని రాస్తే అలాగే రాతతో ముడిపడి ఉంటుంది, మా రూమ్మేటు వాడుతుంది. క్లాసులో ముందుగా సార్‌ని అడిగి పెట్టుకోండి, కొందరికి ఇష్టం ఉండదు.

డబ్బు సంగతి చెప్పారు కదా. నోటబిలిటీ మొదట్లో ఒకేసారి కొనుక్కునే యాప్, 2021 నవంబరులో చందా పద్ధతికి మారింది. పాతవాళ్ళంతా గోల పెట్టాక, అప్పటికే కొన్నవాళ్ళకి పాత సౌకర్యాలు ఉంచారు. గుడ్‌నోట్స్ కూడా 2023లో ఆరో వెర్షన్‌తో చందా తెచ్చింది. అంటే ఇవాళ ఉచితం అని మొదలుపెట్టినా రేపటికి గ్యారంటీ లేదు.

గవర్నర్‌పేట_ఆడిటర్
సీఏగా ప్రాక్టీసులో ఉన్నాను, ఆర్టికల్స్‌ని (మా దగ్గర పని నేర్చుకునే సీఏ విద్యార్థుల్ని) చూస్తుంటాను కాబట్టి చదువు వైపు నుంచి చెప్తానమ్మా.

నోట్స్ అన్నీ ట్యాబ్‌లోనే అనుకోకు. నీ పరీక్ష మూడు గంటలు, కాయితం మీద. 30 మార్కులు ఎంసీక్యూలు పోను 70 మార్కులకి చేత్తో రాయాలి. కన్సాలిడేషన్, కాస్టింగ్ లెక్కలు ట్యాబ్ మీద చేస్తే జూమ్ చేసుకుంటూ, తుడుపుకుంటూ చేస్తావు. కాయితం మీద కాలమ్ గీత ఎక్కడ పడాలో చేతికి అలవాటు కావాలి. కాబట్టి లెక్కలు తెల్లకాయితాల మీదే చెయ్యి. లా, ట్యాక్స్, ఆడిటింగ్ మాత్రం ట్యాబ్‌లో పెట్టుకో. వాటికి అది నిజంగా ఉపయోగం.

ఎందుకంటే మారేది అవే. 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. సెక్షన్లు 536, నంబర్లన్నీ మారాయి. పొదుపు మీద పన్ను మినహాయింపుకి మా తరం నోటికొచ్చిన 80సీ ఇప్పుడు 123. నీ అటెంప్టుకి ఏది వర్తిస్తుందో ఇన్‌స్టిట్యూట్ ప్రకటన చూసుకో. ఏదైనా సరే పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన ఉండే పేజీ ఒకటి అవసరం. కాయితం నోట్సులో ఇలాంటి మార్పు వస్తే అంచుల్లో ఇరికించి రాయాలి, లేదా చీటీలు అంటించాలి. ట్యాబ్‌లో అయితే మధ్యలో పేజీ పెట్టేస్తావు, అంతే. ఆర్‌టీపీలో (పరీక్ష ముందు ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే రివిజన్ టెస్ట్ పేపర్‌లో) వచ్చిన సవరణ కూడా సంబంధించిన చాప్టర్ పక్కనే పెట్టుకోవచ్చు.

బ్రాడీపేట_లెడ్జర్
@గవర్నర్‌పేట_ఆడిటర్ సార్, లెక్కలు కాయితం మీద అన్నది బాగుంది, అలాగే చేస్తాను. పేజీ మధ్యలో పెట్టడం అన్ని యాప్‌లలోనూ వీలవుతుందా?

గవర్నర్‌పేట_ఆడిటర్
శాంసంగ్ నోట్స్‌లో పీడీఎఫ్ తెరిచాక దాని పేజీల మధ్య ఖాళీ పేజీ పెట్టొచ్చు, మా ఆర్టికల్ కుర్రాడు చూపించాడు. గుడ్‌నోట్స్‌లోనూ వస్తుంది. వన్‌నోట్ తీరు వేరు. అందులో పేజీకి అంచు ఉండదు, ఎటు కావాలంటే అటు సాగుతూ పోతుంది. పీడీఎఫ్‌ని ప్రింటవుట్‌లా చొప్పిస్తే ఒక్కో పేజీ ఒక్కో బొమ్మగా వచ్చి కూర్చుంటుంది. స్టడీ మెటీరియల్ మాడ్యూలు మొత్తం అలా పెడితే బరువు ఎక్కువ.

అమరావతి_సైటు
వన్‌నోట్‌ని అంత తేలిగ్గా తీసెయ్యకండి సార్. నేను రాజధాని పనుల్లో సైటు ఇంజినీరుని. కొలతలు, ఫొటోలు, రీఎన్‌ఫోర్స్‌మెంటు చెకింగు అన్నీ వన్‌నోట్‌లోనే. ట్యాబ్‌లో ఫొటో తీసి దాని మీదే మార్కు పెడితే ఆఫీసులో కంప్యూటర్‌లో కనిపిస్తుంది. ఉచితం. ఏ కంపెనీ ఫోనైనా, ల్యాపుటాపైనా తెరుచుకుంటుంది. ఫైళ్ళు వన్‌డ్రైవ్‌లో ఉంటాయి, ఉచితంగా ఇచ్చేది 5 జీబీ.

నాలాంటి పనికి అంచు లేని పేజీయే బాగుంటుంది. పీడీఎఫ్ చదివేవాళ్ళకి కాదని ఒప్పుకుంటా. అయితే వెతకడానికి వన్‌నోట్ మేలు: టైపు చేసింది, బొమ్మలో ఉన్న ఇంగ్లీషు అక్షరాలు కూడా దొరుకుతాయి.

కొరిటెపాడు_వాసి
అమరావతి ఎండలో ట్యాబ్ తెర కనిపిస్తుందా అసలు?

అమరావతి_సైటు
@కొరిటెపాడు_వాసి షెడ్డులోకి వెళ్ళి చూడాల్సిందే. నాది ఐప్యాడ్. చుట్టూ వేడి 35 డిగ్రీలు దాటని చోట వాడమని ఆపిల్ వాళ్ళే రాశారు. మన దగ్గర మే నెలలో 40 దాటుతుంది. వేడెక్కితే తెర మసకబారుతుంది, తర్వాత చల్లారేదాకా ఆగమని బొమ్మ వచ్చేస్తుంది. అందుకే మధ్యాహ్నం కొలతలు చిన్న పాకెట్ పుస్తకంలో రాసి, సాయంత్రం దాన్నే ఫొటో తీసి ఎక్కిస్తాను.

కొరిటెపాడు_వాసి
పాపం, విజయవాడ వైపు ఎండకి యాప్‌లు కూడా గొడుగేసుకోవాలి.

బెంజిసర్కిల్_బాబు
గుంటూరులో మంచు కురుస్తోందేమో మరి. మీ మిర్చియార్డు పక్కన ట్యాబ్ పెడితే అది తుమ్ముతుంది కూడాను.

ఏలూరురోడ్డు_మాస్టారు
తెలుగు రాత గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్తాను. తెలుగు పాఠం చెప్తాను, ఛందస్సు నోట్స్ అంతా ట్యాబ్‌లోనే రాస్తాను. ఉత్పలమాల పాదం ఒకటి రాసి, ప్రతి అక్షరం నెత్తిన గురువు, లఘువు గుర్తులు పెట్టి, భ ర న భ భ ర వ అని గణాల కింద గీతలు గీసి, పదో అక్షరం దగ్గర యతికి చుట్టు పెడతాను. కోడర్ గారు చెప్పిన టెక్స్ట్ ఫైల్లో ఇది నడవదు. చేత్తోనే గీయాలి.

ఇందులో నాకు తెలిసొచ్చిన సంగతి. ఈ యాప్‌ల గీతల కాయితాలు ఇంగ్లీషు అక్షరానికి సరిపోయేలా చేసినవి. మన అక్షరానికి పైన గుడి, ఏత్వం ఉంటాయి, కింద ఒత్తు ఉంటుంది. "స్త్ర్యా" లాంటిది రాస్తే కింది గీత దాటిపోతుంది. అందుకని గీతల మధ్య ఎడం ఎక్కువ ఉన్న పేజీని సొంతంగా తయారు చేసుకుని పీడీఎఫ్‌గా పెట్టుకున్నాను. ఆ పీడీఎఫ్‌ని టెంప్లేటుగా తీసుకునే యాప్ అయితేనే నాకు పనికొస్తుంది.

రెండోది, జూమ్ కిటికీ. కింద పెద్దగా రాస్తుంటే పైన పేజీలో చిన్నగా పడుతుంది. గుడ్‌నోట్స్‌లో ఉంది. శాంసంగ్ నోట్స్‌లో దాన్ని ఈజీ రైటింగ్ ప్యాడ్ అంటారు. తెలుగు రాసేవాళ్ళకి ఇది పెద్ద వరం. ఒత్తులు అలుక్కుపోవు.

బ్రాడీపేట_లెడ్జర్
మాస్టారూ, చేత్తో రాసిన తెలుగుని వెతికితే దొరుకుతుందా? నాకు ముఖ్యంగా కావాల్సింది అదే.

ఏలూరురోడ్డు_మాస్టారు
దాని మీద ఆశ పెట్టుకోకమ్మా. చేతిరాతని గుర్తుపట్టే భాషల జాబితా యాప్ సెట్టింగుల్లోనే ఉంటుంది. తెలుగు ఉందో లేదో నువ్వే తెరిచి చూడు. ఉన్నా సరే, తెలుగూ ఇంగ్లీషూ ఒకే వాక్యంలో కలిపి రాస్తే ఏ పదాన్ని ఏ భాషగా తీసుకోవాలో దానికి తెలియదు. నేను చేసేది ఏమిటంటే, ప్రతి నోటుకీ పేరు టైపు చేస్తాను. లోపలంతా చేతిరాత, పైన పేరు మాత్రం టైపు. పేరులోనే నాలుగు ముఖ్యమైన మాటలు పడేస్తాను. వెతికితే ఆ పేరు దొరుకుతుంది, నాకంతే చాలు.

మంగళగిరి_కోడర్
మాస్టారి పద్ధతికి ఇంకొకటి కలుపుతాను. జీబోర్డులో (గూగుల్ వాళ్ళ కీబోర్డు యాప్) తెలుగు కీబోర్డు పెట్టుకునేటప్పుడు చేతిరాత లేఅవుట్ ఎంచుకోవచ్చు. పెన్నుతో తెలుగులో రాస్తే టైపు అక్షరాలుగా మారిపోతుంది. యాప్‌తో సంబంధం లేదు, కీబోర్డే ఆ పని చేస్తుంది. మైకు నొక్కి తెలుగులో చెప్పినా టైపవుతుంది. అలా ప్రతి చాప్టర్ మొదటి పేజీలో పది మాటలు టైపుగా పెట్టేస్తే వెతకడం అయిపోయింది.

ఛందస్సు టెక్స్ట్ ఫైల్లో నడవదన్నారు, అది నిజమే. గణ విభజనకి పెన్నే కావాలి.

పటమట_అమ్మ
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. నోట్స్‌కి ట్యాబ్ కొనమని పట్టుబడుతున్నాడు. కొనచ్చా?

గవర్నర్‌పేట_ఆడిటర్
@పటమట_అమ్మ ఇంటర్‌కి అక్కర్లేదమ్మా. రోజూ లెక్కలు చేయడమే వాడి చదువు, దానికి కాయితమే కావాలి.

సిద్ధార్థ_థర్డియర్
సార్‌తో నేను ఏకీభవించను. ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ మెటీరియలే బోలెడు పుస్తకాలు, అన్నీ బ్యాగులో మోస్తారు. పీడీఎఫ్‌లు ట్యాబ్‌లో ఉంటే వీపు బాగుపడుతుంది. ఆంటీ, కొనండి, కానీ సిమ్ లేని వైఫై మోడలు తీసుకోండి. కాలేజీలో నెట్ ఉండదు, నోట్స్ యాప్‌కి నెట్ అవసరమూ లేదు.

పటమట_అమ్మ
వైఫై మోడలు అన్న మాట బాగుంది. వాళ్ళ నాన్నతో మాట్లాడతాను.

సింగ్‌నగర్_గ్రూప్2
ఈ చర్చంతా చదివాను. కోడర్ గారు మొదట్లో చెప్పిన "బయటికి ఎలా తీసుకోవాలి" దగ్గరికి మళ్ళీ రావాలి. మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు వరద వచ్చింది. కింది పోర్షను. పరుపులు, బియ్యం, ఫ్రిజ్ సరే, అవి మళ్ళీ కొనుక్కున్నాం. నా గ్రూప్2 నోట్స్ ఇనప్పెట్టెలో ఉంది. పాలిటీ, ఆంధ్ర చరిత్ర, ఎకానమీ, అంతా సొంత చేత్తో రాసింది. నీళ్ళు తీశాక పెట్టె తెరిస్తే కాయితాలన్నీ ఒకే ముద్ద. ఇంకు పెన్నుతో రాసినవి పూర్తిగా పోయాయి, బాల్ పెన్నువి కొన్ని ఆరబెడితే కనిపించాయి. మేడ మీద తాళ్ళు కట్టి బట్టల క్లిప్పులతో ఆరేశాం. మా అమ్మ ఒక్కో కాయితం విడదీస్తూ కూర్చుంది.

మిగిలింది ఏదంటే, స్నేహితురాలికి చదవడానికి ఫోన్లో ఫొటోలు తీసి పంపిన పాలిటీ. ఆ ఫొటోలు ఆమె దగ్గర ఉన్నాయి కాబట్టి మిగిలాయి.

ఇప్పుడు నేనూ ట్యాబ్‌లోనే రాస్తాను. కానీ ట్యాబ్ కూడా నీళ్ళలో పడొచ్చు, బస్సులో పోవచ్చు. అందుకే ఏ యాప్ అన్నదాని కంటే, నా నోట్స్ ఇంకో చోట ఉందా అన్నది నేను చూసుకుంటాను. చాలామంది సింక్ ఆన్ చేసి బ్యాకప్ అయిపోయిందనుకుంటారు. సింక్ వేరు. ట్యాబ్‌లో పొరపాటున ఒక నోటు తీసేస్తే సింక్ వల్ల అన్ని చోట్లా పోతుంది. చెత్తబుట్టలో కొన్నాళ్ళు ఉంటుంది, ఆ తర్వాత అదీ ఉండదు. బ్యాకప్ అంటే దాన్ని ముట్టుకోకుండా విడిగా దాచిన కాపీ. నేను ప్రతి ఆదివారం సబ్జెక్టు వారీగా పీడీఎఫ్‌లు తీసి గూగుల్ డ్రైవ్‌లో వేస్తాను, 15 జీబీ ఉచితమే కదా. పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ తెనాలిలో పిన్ని వాళ్ళింట్లో ఉంటుంది.

ఏలూరురోడ్డు_మాస్టారు
ఆ కాయితాలు ఆరేసిన సంగతి చదివి మనసు బరువెక్కిందమ్మా. ఏలూరు రోడ్డు పుస్తకాల కొట్లకి ఆ రోజుల్లో తడిసిన పుస్తకాలు పట్టుకుని, మళ్ళీ దొరుకుతాయా అని అడగడానికి పిల్లలు వచ్చేవారు. అచ్చు పుస్తకాలైతే కొనుక్కోవచ్చు. సొంత నోట్స్ ఏ కొట్లో దొరుకుతుంది.

సింగ్‌నగర్_గ్రూప్2
అవును మాస్టారూ. మళ్ళీ రాశాను, పరీక్ష కూడా రాశాను.

మంగళగిరి_కోడర్
@సింగ్‌నగర్_గ్రూప్2 మీరు చెప్పింది నేను చెప్పినదానికంటే బలంగా ఉంది. ఒక్కటి కలుపుతాను. పీడీఎఫ్‌గా తీస్తే చదవొచ్చు, ప్రింటు తీయొచ్చు, ఏ పరికరంలోనైనా తెరవొచ్చు. కానీ రాసిన గీతల్ని యాప్‌లో లాగా పట్టుకుని మళ్ళీ మార్చుకోవడం కుదరకపోవచ్చు. అందుకని నెలకోసారి యాప్ సొంత రకంలో కూడా ఒక కాపీ తీసి పెట్టుకోండి. పీడీఎఫ్ చదవడానికి, సొంత ఫైలు మళ్ళీ రాయడానికి.

బెంజిసర్కిల్_బాబు
ఎవర్‌నోట్ పేరు ఎవరూ ఎత్తలేదేంటి? ఒకప్పుడు అదే కదా.

అమరావతి_సైటు
2023 చివర్లో ఉచిత ఖాతాకి 50 నోట్స్, ఒక్క నోట్‌బుక్ అని పరిమితి పెట్టారు. సీఏ సిలబస్‌కి ఒక చాప్టర్‌తోనే నిండిపోతుంది. పైగా అది టైపు చేసేవాళ్ళది, పెన్నుతో రాసేవాళ్ళది కాదు.

బీసెంట్‌రోడ్_గార్డులు
యాక్సెసరీలు అమ్ముతాను, యాప్‌ల గురించి పెద్దగా తెలీదు, పెన్ను గురించి చెప్తాను. ఎస్6 లైట్‌తో వచ్చే ఎస్‌పెన్‌కి చార్జింగు అక్కర్లేదు. తెర కిందున్న పొర నుంచే దానికి కరెంటు అందుతుంది. పెన్ను తగలకముందే చుక్క కనిపిస్తుంది, అరచెయ్యి ఆనినా గీత పడదు. వంద, రెండొందలకి దొరికే లావు రబ్బరు మొన పెన్నులు ఎంత కొన్నా ఒత్తులు రాయలేరు. అది వేలుతో గీసినట్టే ఉంటుంది.

నున్నటి గాజు మీద పెన్ను జారిపోతోంది అనిపిస్తే మ్యాట్ గార్డు వేయించుకోండి. కాయితం మీద రాసినట్టు గరుకుగా ఆగుతుంది. కాకపోతే నిబ్బు త్వరగా అరుగుతుంది, తెర కొంచెం మసకగా ఉంటుంది. నిబ్బులు విడిగా దొరుకుతాయి, పట్టకారుతో లాగి మార్చుకోవచ్చు. అరిగిన నిబ్బుతో అలాగే రాస్తే గార్డు మీద గీతలు పడతాయి.

సిద్ధార్థ_థర్డియర్
ఐప్యాడ్ కొనేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే: ఆపిల్ పెన్సిళ్ళలో యూఎస్‌బీ-సీ మోడలుకి ఒత్తిడిని బట్టి గీత లావు మారడం ఉండదు. నోట్స్‌కి పర్లేదు, బొమ్మలు వేసేవాళ్ళు ముందే చూసుకోండి. ఏ పెన్సిల్ ఏ ఐప్యాడ్‌కి పనిచేస్తుందో కూడా చూసుకునే కొనాలి.

బ్రాడీపేట_లెడ్జర్
అందరి మాటలూ కాయితం మీద రాసుకుని (లెక్కలు కాదులెండి ఆడిటర్ సార్) మూడు రోజులు ప్రయత్నించాను. ఒకే చాప్టర్, జీఎస్టీలో ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (ఐటీసీ, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం), మూడు యాప్‌లలో చేశాను.

వన్‌నోట్‌లో పీడీఎఫ్ పెట్టడం, దాని మీద రాశాక పేజీ పక్కకి జరిగిపోవడం నా చదువుకి కుదరలేదు. గుడ్‌నోట్స్ రాయడానికి హాయిగా ఉంది, కానీ ఉచితంగా ఇచ్చే నోట్‌బుక్కులు నాకు చాలవు. ఆరు పేపర్లు, ఒక్కో దానికి మాడ్యూళ్ళు. శాంసంగ్ నోట్స్‌లో పేపర్‌కి ఒక ఫోల్డరు పెట్టాను. స్టడీ మెటీరియల్ మొత్తం ఒకే ఫైలుగా కాకుండా చాప్టర్లుగా విడగొట్టి ఎక్కించాను. 4 జీబీ ర్యామ్ కదా, అలా అయితే తొందరగా తెరుచుకుంటోంది. తెర సగం పీడీఎఫ్, సగం నోట్స్ పెట్టుకుంటున్నా. పేర్లు టైపు చేసి పెట్టాను: "జీఎస్టీ ఐటీసీ సెక్షన్ 16 షరతులు", "సెక్షన్ 17(5) క్రెడిట్ రానివి". వెతికితే వెంటనే వస్తున్నాయి.

ఆదివారం పీడీఎఫ్‌లు తీసి డ్రైవ్‌లో వేశాను. బయటికి తీసిన పీడీఎఫ్‌ని అన్నయ్య ఫోన్లో తెరిచి చూశాను, ఒత్తులతో సహా అన్నీ సరిగా ఉన్నాయి. శాంసంగ్ నోట్స్‌కే స్థిరపడుతున్నాను.

గవర్నర్‌పేట_ఆడిటర్
17(5) నోట్సులో ఒక్కో క్లాజుకీ ఎదురుగా మినహాయింపు రాసుకో. మోటారు వాహనం అనగానే క్రెడిట్ రాదని రాసేస్తారు పిల్లలు. సీట్ల సంఖ్య, డ్రైవింగ్ స్కూలు, మళ్ళీ అమ్మకానికి కొన్నది, ఇవన్నీ చూడాలి. ఆ పేజీకి ఎదురుగా ఖాళీ పేజీ ఒకటి వదులు.

బ్రాడీపేట_లెడ్జర్
వదిలాను సార్. మాస్టారూ, మీ ఎడం గీతల పేజీ నాకూ కావాలి. ఇందులో ఉన్న గీతల మధ్య నా ఒత్తులు నిజంగానే కింది వరస మీద పడుతున్నాయి.

ఏలూరురోడ్డు_మాస్టారు
రెండు రకాలు చేసి ఈ రాత్రికి ఇక్కడే పెడతాను. ఒకటి పద్యాలకి, ఒకటి మామూలు రాతకి. ఏ4 కొలతకి చేయనా?

మంగళగిరి_కోడర్
ఏ4 వద్దు మాస్టారూ. ఆమె తెర నిష్పత్తి 5:3, ఏ4 పెడితే పక్కల్లో ఖాళీ పోతుంది. తెర కొలతకే చేయండి. సగం తెరలో రాసుకుంటానంటోంది కాబట్టి నిలువుగా సన్నగా ఇంకోటి కూడా.

సింగ్‌నగర్_గ్రూప్2
నాకూ ఒకటి కావాలి మాస్టారూ, మామూలు రాతది. గీతలు లేత నీలంలో పెట్టండి, నల్లగా ఉంటే ప్రింటు తీసినప్పుడు అక్షరం కనపడట్లేదు.

ఏలూరురోడ్డు_మాస్టారు
లేత నీలం, మూడు పేజీలు. రాసుకున్నాను.